గుండెకు త్రవ్విన క్రొత్త కాలువ

మూడేండ్ల క్రిందట మా మామగారికి బైపాసు శస్త్రచికిత్స జరిగినది. ఆయన యింటికి వచ్చిన నాటినుండి పరామర్శకు వచ్చిన బంధువులందఱును మొట్టమొదట అడిగిన ప్రశ్న యొక్కటే: "ఎన్ని వేసినారు?" రెండని చెప్పగానే కొందఱి ముఖములు చిన్నవోయెడివి. "మా వియ్యంకునికి నాలుగు వేసినారు. అన్నయ్యగారికి రెండే యేల?" అని యొక బంధువురాలు పైకే జాలిపడినది. చేతి గాజులు లెక్కించినట్లు గుండెకు కుట్టిన నాళములనుగూడ లెక్కించుట మన యిండ్లలో అలవాటైపోయినది. మూడవదానికి డబ్బు చాలక మేమే వలదన్నామేమో యని ఊరిలో గుసగుసలు బయలుదేరినవి. ఆ మాట చెవినిబడి మా యత్తగారు రెండు దినములు సరిగా అన్నము తినలేదు.

తరువాతి పరీక్షకు వెళ్లినప్పుడు నేనే ధైర్యము చేసి శస్త్రవైద్యునితో ఈ సంగతి ప్రస్తావించితిని. ఆయన నవ్వి, "అమ్మా! మీది గోదావరి కాలువల సీమ గదా. పెద్దకాలువనుండి నీరు నిండుగా వచ్చుచున్న చేనికి మఱియొక వైపునుండి క్రొత్తకాలువ త్రవ్వినచో ఏమగును?" అని యడిగెను. "క్రొత్తదానిలో నీరు కదలదు. గుఱ్ఱపుడెక్క పెరుగును, ఒండ్రు పేరుకొనును, రెండేండ్లలో పూడిపోవును" అంటిని. "మీ మామగారి మూడవ ధమనిలో అడ్డు స్వల్పము. రక్తము బాగుగనే పాఱుచున్నది. అందుచేత అక్కడ కాలువ త్రవ్వలేదు" అని ఆయన చెప్పెను. ఆ యొక్క మాటతో మా యింటి దిగులు తీఱినది. అటుపిమ్మట ఈ విషయమును గూర్చి చదివియు, అడిగియు తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు ఉపయోగపడునని ఇట వ్రాయుచున్నాను.

గుండె పిడికిలి యంత కండరము. దాని బరువు సుమారు 300 గ్రాములు. దినమునకు దాదాపు లక్షసార్లు కొట్టుకొనుచు ఒడలంతటికిని రక్తమును పంపుచుండును. అయినను తన గదులలో నిండియున్న రక్తమునుండి అది తన ఆహారమును గ్రహింపజాలదు. పదిమందికి వడ్డించు ఇల్లాలికి వేఱుగా విస్తరి వేయవలసినట్లు, గుండెకును వేఱుగా రక్తము అందవలయును. ఈ పని చేయునవి బృహద్ధమని మొదటనే చీలిన రెండు చిన్న నాళములు. వీనినే కరోనరీ ధమనులందురు. ఎడమ ధమని మరల రెండుగా చీలును. అందులో గుండె ముందువైపున క్రిందికి దిగు శాఖ మిక్కిలి ముఖ్యమైనది. ఒడలికంతటికి రక్తమును నెట్టు ఎడమ జఠరికలో పెద్దభాగమును అదియే పోషించును.

మనము ఊరక కూర్చున్నప్పుడు ఈ ధమనులలో నిమిషమునకు సుమారు 250 మిల్లీలీటర్ల రక్తము, అనగా ఒక గ్లాసెడు, పాఱును. ఆ రక్తములోని ప్రాణవాయువులో మూడింట రెండువంతులను గుండెకండరము విశ్రాంతి వేళనే పీల్చుకొనును. కాబట్టి మెట్లెక్కినప్పుడు, బిందె యెత్తినప్పుడు గుండెకు అధికముగ ప్రాణవాయువు కావలసినచో రక్తప్రవాహము హెచ్చవలసినదే. వేఱు దారి లేదు. ధమని లోపలి గోడకు కొవ్వు పట్టి, సున్నమెక్కి, దారి ఇఱుకైనప్పుడు ఆ ప్రవాహము హెచ్చజాలదు. అప్పుడు ఱొమ్ము బిగియును, ఆయాసము పుట్టును. దారి హఠాత్తుగా మూసికొనిపోయినచో అది పోషించు కండరము చచ్చును. దానినే గుండెపోటందుము.

బైపాసు అనగా ఆ యడ్డును తొలగించుట కాదు. అడ్డును అట్లే విడిచి, దానికి దిగువను మఱియొక నాళమును కుట్టి రక్తమును చుట్టుదారిని చేర్చుట. మామిడికొమ్మకు అంటు కట్టినట్లే గుండెకును అంటు కట్టుదురు. మామిడియంటు బ్రదుకుట, చచ్చుట కొన్ని నెలలలో తేలిపోవును. ఈ యంటు బ్రదికినదో లేదో పదియేండ్లు, ఇరువదియేండ్లు గడచినగాని పూర్తిగా తేలదు.

ఈ విద్యకు మూలము స్త్రీల చేతిపనియే యన్న సంగతి మనలో ఎందఱకు తెలియును? 1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాడీ కార్నో లియోన్ నగరమున కత్తిపోటుకు గుఱియై మరణించెను. తెగిన రక్తనాళమును కుట్టు నేర్పు ఆనాటి శస్త్రవైద్యులకు లేదు. అప్పటికి వైద్యవిద్యార్థిగా నుండిన అలెక్సిస్ కారెల్ దీనిని మనసున పెట్టుకొని, ఆ నగరమందే బుటాపని చేయు లెరూడియే అను నామె యొద్దకు పోయి సన్నని సూదితో సన్నని కుట్టు వేయుట అభ్యసించెను. ఆ నేర్పుతో రక్తనాళములను అతుకు పద్ధతిని కనిపెట్టి 1912లో నోబెలు బహుమానమును పొందెను. 1910లోనే ఆయన కుక్క గుండెపై ఇట్టి చుట్టుదారి నేర్పఱచుటకు యత్నించినాడు.

మనుష్యుల గుండెపై ఈ చికిత్సను 1960లో న్యూయార్కున రాబర్ట్ గెట్జ్ చేసెను. 1964లో లెనిన్‌గ్రాడున వాసిలీ కొలెసోవ్ ఱొమ్ములోని ధమనిని గుండెధమనికి చేతితో కుట్టెను. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండున రెనే ఫావలోరో కాలి సిరను తీసి అంటు కట్టు పద్ధతిని ప్రారంభింపగా, అది లోకమంతట వ్యాపించినది. అర్జెంటీనా దేశస్థుడైన ఈ వైద్యుని తండ్రి వడ్రంగి, తల్లి బట్టలు కుట్టు వృత్తి చేసిన యిల్లాలు. మనదేశమున మొదటి బైపాసు 1975లో చెన్నపట్టణమందలి పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ గారు చేసినది.

ఇక అంటుకు తెచ్చు నాళము సంగతి. కాలిలోని పొడవాటి సిర సులభముగ దొఱకును, కావలసినంత పొడవుండును. అయితే సిర స్వభావము వేఱు. అది మెల్లగా తిరిగివచ్చు రక్తమును మోయుటకు పుట్టినది. ధమనిలోని బలమైన ఒత్తిడి దానిపై పడగానే గోడ క్రమముగా మందమగును, కొవ్వు పట్టును. పదియేండ్లు గడచునప్పటికి ఇట్టి సిరలలో దాదాపు సగము మూసికొనిపోవుటయో, ఇఱుకగుటయో జరుగును. ఱొమ్మెముక వెనుక రెండు ప్రక్కల దిగు ధమనుల మాట అట్లు కాదు. ఎడమవైపు ధమనిని మొదలు తెంపక, క్రింది కొనను మాత్రము విడదీసి, గుండె ముందుశాఖకు కుట్టుదురు. మొదలు తన తల్లికాలువతోనే యుండును. దాని లోపలి పొర నాళమును వదులుగా నుంచు పదార్థమును తానే పుట్టించుకొనును. కొవ్వు దానికి అరుదుగా పట్టును. పదియేండ్లకు పిమ్మటను నూటికి తొంబది వఱకు తెఱచుకొనియే యుండును.

దీని ఫలము రోగి యాయువులో కనబడును. 1986లో క్లీవ్‌లాండు వైద్యులు 5,931 మంది చరిత్రను పరిశీలించి ప్రకటించిరి. మూడు ధమనులును చెడినవారిలో, ముందుశాఖకు ఱొమ్ముధమనిని కుట్టించుకొన్నవారు పదియేండ్ల పిమ్మట నూటికి 82.6 మంది జీవించియుండిరి. కాలి సిరలు మాత్రమే కుట్టించుకొన్నవారిలో నూటికి 71 మందియే మిగిలిరి. ముఖ్యమైన చోటికి మంచి నాళము చేరుట ఎంతటిదో దీనివలన తెలియుచున్నది. 2018లో ఆఱు పరిశోధనలకు చెందిన 1,036 మంది ఫలితములను కలిపి చూడగా, రెండవ అంటుకు కాలి సిరకు బదులు ముంజేతి ధమనిని వాడినవారికి అయిదేండ్లలో ఆపదలు తక్కువగా వచ్చినట్లు తేలినది. కాని ఎడమ, కుడి ఱొమ్ముధమనులు రెండింటిని వాడినచో ఒకదానికంటె మేలా యని 3,102 మందిని పదియేండ్లు కనిపెట్టి 2019లో ప్రకటించిన ఫలితములో, జీవించియున్నవారి సంఖ్యలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. వారిలో కొందఱికి ముందు నిర్ణయించినట్లు చికిత్స జరుగలేదు గావున ఈ చర్చ వైద్యులలో ఇంకను సాగుచున్నది. ఎక్కువైన కొలది మేలనుట మాత్రము నిలువదు.

కుట్టిన నాళములో రక్తము పాఱుచున్నదని ఎట్లు తెలియును? ఱొమ్ము మూయకముందే దానిని కొలుచు సాధనమున్నది. కొక్కెమువంటి చిన్న పరికరమును నాళమునకు తగిలించి, చెవికి వినబడని ధ్వనితరంగములను ప్రవాహము వెంబడి ఒకమాఱు, ప్రవాహమునకు ఎదురుగా ఒకమాఱు పంపుదురు. ఏటివాలున పోవు పడవ త్వరగా చేరును, ఎదురీదునది ఆలసించును. ఆ రెండింటి కాలభేదమునుబట్టి నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు పాఱుచున్నవో యంత్రము చెప్పును. ప్రవాహము సాఫీగా ముందుకు పోవుచున్నదా, ముందుకు వెనుకకు ఊగిసలాడుచున్నదా యని తెలుపు మఱియొక అంకెయు కలదు. ప్రవాహము నిమిషమునకు 20 మిల్లీలీటర్లకు తక్కువగను, ఊగిసలాట అంకె 5నకు మించియు నున్నచో కుట్టు లోపమని అనుమానించి అక్కడనే సరిచేయవలయునని యూరోపు వైద్యసంఘములు 2010లో సూచించినవి.

ఇంకొక గుఱుతును వైద్యులు చూతురు. ఎడమ జఠరిక ముడుచుకొనునప్పుడు దానిలోని నాళములు నొక్కుకొనిపోవును. అది వదులై విశ్రమించు క్షణముననే వానిలో రక్తము ఎక్కువగా పాఱును. కుట్టిన నాళములోను అట్లే విశ్రాంతి క్షణమున ప్రవాహము పొంగవలయును. ఈ లెక్కలన్నియు కలిపి చూడవలసినవే గాని ఒక్క అంకెతో తీర్పు చెప్పరాదు. చిన్న మడికి చిన్న ధార చాలును. సన్నని ధమనికి కుట్టిన నాళములో ప్రవాహము తక్కువయైనను కుట్టు నిర్దోషమై యుండవచ్చును. అనుమానము తోచినచో కుట్టు విప్పి తిరిగి కుట్టుటకు ఆ క్షణమే మంచిది. ఱొమ్ము మూసిన పిమ్మట తెలిసినచో అది గుండెపోటుగా తెలియును.

ఇప్పుడు మా మామగారి మూడవ ధమని యొద్దకు వత్తము. రక్తము ఒత్తిడి ఎక్కువగానున్న చోటినుండి తక్కువగానున్న చోటికి పాఱును. ధమనిలో అడ్డు పెద్దదైనచో దాని దిగువను ఒత్తిడి పడిపోవును. అక్కడ కుట్టిన క్రొత్తనాళములోనికి రక్తము ఉఱికి వచ్చును. అడ్డు స్వల్పమైనచో పాతదారిలోనే కావలసినంత వచ్చుచుండును; రెండు ధారలు ఎదురెదురుగా నిలిచి క్రొత్తనాళము పని లేక మందగించును. పని లేని ధమని దారమువలె సన్నగిలుననియు, కొన్నిమాఱులు మూసికొనిపోవుననియు వైద్యులు కనుగొనిరి. 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, సన్నని తీగను ధమనిలోనికి పంపి అడ్డుకు దిగువ ఒత్తిడిని ముందుగా కొలిచిరి. అడ్డు నిజముగా ప్రవాహమును తగ్గించినచోట కుట్టిన నాళములలో ఏడాదికి నూటికి సుమారు 9 మూసికొనిపోయినవి. అడ్డు కంటికి కనబడినను ప్రవాహమును అంతగా తగ్గింపనిచోట కుట్టినవానిలో నూటికి సుమారు 21 మూసికొనిపోయినవి. అక్కఱలేనిచోట కుట్టుట దానము చేయుటవంటిది కాదు, పాత్రము నెఱుగక చేసిన వ్యయమువంటిది. మా యింట రెండే కుట్టిన వైద్యుడు తక్కువ చేయలేదు; తూచి చేసెను.

సోదరీమణులారా! ఇంతవఱకు వ్రాసినది తేలిక. ఇక వ్రాయబోవునది నాకు కష్టము.

మామగారు ఇంటికి వచ్చినది మొదలు ఆయన ఉప్పు కొలిచితిని, మాత్రలు పూటకు పూట సర్దితిని, ప్రొద్దుటి నడకకు పిల్లవానిని తోడు పంపితిని. ఆ యేడంతయు మా యత్తగారు మేడమెట్లెక్కి వచ్చి గోడ నానుకొని నిలుచుచుండెను. అడిగినచో "వయసమ్మా" అనెడిది. రెక్కల నడుమ బరువుగా నున్నదనియు, అన్నము చూచిన వాంతి వచ్చునట్లున్నదనియు చెప్పి, పైత్యమని జీలకఱ్ఱ కషాయము కాచుకొని త్రాగెడిది. ఱొమ్మున నొప్పి యన్నమాట ఆమె నోట రాలేదు గావున గుండె సంగతి మాలో ఒక్కరికిని తోచలేదు. ఒక తెల్లవాఱుజామున చెమటలు పట్టి పెరటిలో కూలబడిన పిమ్మటనే ఆసుపత్రికి తీసికొనిపోతిమి. గుండెకండరములో కొంతభాగము అప్పటికే చచ్చినదని వైద్యులు చెప్పిరి. ఎండిచచ్చిన చేనికి పిదప ఎంత నీరు పెట్టినను పైరు లేవదు. ఆమె ఇప్పుడు మందులతో ఇంటిలోనే మెల్లగా తిరుగుచున్నది. మేడ ఎక్కుట మానినది. కాలువల సంగతి అంత శ్రద్ధగా విన్న నేను, నా ప్రక్కనే ఎండుచున్న చేనిని చూడనైతిని.

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. స్త్రీలకు గుండెజబ్బు తఱచుగా ఆయాసము, మితిమీఱిన అలసట, దవడ నొప్పి, వెన్నునొప్పి, వాంతి రూపమున తోచును. అందుచేత వారు ఆలస్యముగా ఆసుపత్రికి చేరుదురు. వారి ధమనులు పురుషులవానికంటె సన్ననివి, కుట్టుట కష్టము. ఱొమ్ముధమని, ముంజేతి ధమని అంటులుగా వాడుటయు వారికి తక్కువగ జరుగుచున్నది. అమెరికాలో 2011 మొదలు 2020 వఱకు బైపాసు జరిగిన సుమారు 13 లక్షల మంది లెక్క చూడగా, శస్త్రచికిత్సతో ముడిపడిన మరణములు పురుషులలో నూటికి 1.7 ఉండగా స్త్రీలలో 2.8 ఉన్నవి. ఈ భేదమునకు కారణములలో ఆలస్యమొకటి. దానిని తగ్గించుట మన చేతిలో నున్నది.

చికిత్స జరిగిన యింటివారు చేయవలసినది, త్రవ్విన కాలువకు ఏటేట పూడిక తీయుటవంటిది. ఆస్పిరిను మాత్ర సామాన్యముగా జీవితాంతము వాడవలసియుండును. రక్తము పలుచబడునని ఎవరో చెప్పిరని దానిని తమంతట తాము మానరాదు; పన్ను తీయించుకొనునప్పుడుగూడ వైద్యుని అడుగక ఆపరాదు. కొవ్వును తగ్గించు స్టాటిను మాత్రయు అట్టిదే. నొప్పి పోయినది గదా యని మానినవారి సిరలు ముందుగా పూడును. పొగత్రాగుట పూర్తిగా మాన్పవలయును. చుట్టయైనను, బీడీయైనను భేదము లేదు. చక్కెరజబ్బు, రక్తపుపోటు అదుపులో నుండవలయును. ఊరగాయ, అప్పడము, వడియము పండుగనాటి రుచికి పరిమితము కావలయును.

కోసిన ఱొమ్మెముక అతుకుకొనుటకు రెండుమూడు నెలలు పట్టును. అంతవఱకు నీళ్లబిందె, బియ్యపుమూట, చంటిబిడ్డ ఎత్తరాదు. స్త్రీకి చికిత్స జరిగిన యింట ఈ నియమము ఎక్కువగా తప్పుచుండును. ఆమె లేచి నిలువగానే వంటయిల్లు ఆమెను పిలుచును. అప్పుడు అడ్డుపడవలసినది ఇతరులు. సిర తీసిన కాలు కొన్నివారములు వాచును. కూర్చున్నప్పుడు ఎత్తున నుంచవలయును. గాయము ఎఱ్ఱబడి, చీము తోచి, జ్వరము వచ్చినచో పసుపు పూసి ఊరకుండక వైద్యునికి చూపవలయును. వైద్యుడు చెప్పిన కొలతలో దినదినము నడక పెంచుట ఔషధముతో సమానము. కొందఱు చికిత్స పిమ్మట దిగులుతో మూగవోవుదురు. అదియు జబ్బులో భాగమేగాని బలహీనత కాదని యెఱిగి, దానికిని వైద్యము చేయింపవలయును.

శస్త్రచికిత్సకు ముందు వైద్యుని అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. ముందుశాఖకు ఏ నాళమును కుట్టుదురు? ఏ ధమనిని విడుచుదురు, ఏల విడుచుదురు? కుట్టిన పిమ్మట ప్రవాహమును కొలుతురా? ఇట్లడుగుట అవినయము కాదు. తెలిసి సమ్మతించుటకు అడుగవలసినవే. మంచి వైద్యుడు సంతోషముగా చెప్పును.

మొన్న మా వీథిలో నొకరికి బైపాసు జరిగినది. చూడవచ్చినవారు ఎప్పటివలెనే "ఎన్ని వేసినారు?" అని యడుగుచుండిరి. నేను ఆ యింటి యిల్లాలిని ప్రక్కకు పిలిచి, "మాత్రలు వేళకు ఇచ్చుచున్నావా?" అని యడిగితిని. ఇచ్చుచున్నానన్నది. "నీకు మెట్లెక్కునప్పుడు ఆయాసము వచ్చుచున్నదా?" అని మరల అడిగితిని. ఆమె ఆశ్చర్యముతో నా ముఖము చూచి, కొంతసేపటికి, "వచ్చుచున్నదక్కా. ఇంతవఱకు ఎవరును అడుగలేదు" అన్నది. మఱునాడే ఆమెను వైద్యునికి చూపించిరి. ఈ వ్యాసము చదివిన ప్రతి సోదరియు తన యింటిలో ఒకరినైన ఆ ప్రశ్న యడిగినచో నా శ్రమ ఫలించినట్లే.